తేలిన గింజలు

కొమురమ్మకు బస్తీలో గలీజ్ కొమురమ్మ అని పేరు. ఆమె గలీజుగా ఉంటుందని కాదు, ఆ మాట ఆమె నోటి వెంట నాలుగుసార్లు రానిదే పొద్దు గూకదని. నల్లా నీళ్లలో ఎర్రమన్ను కనిపిస్తే గలీజ్. పాల మీద మీగడ సరిగ్గా కట్టకపోతే గలీజ్. పెళ్లి విందులో బగారా అన్నం అడుగంటిన వాసన వస్తే, పెళ్లికూతురి తల్లి పక్కనే నిలబడి మర్యాద చేస్తున్నా సరే, విస్తరి ముందుకు నెట్టి "ఛీ, గలీజ్" అని లేచిపోతుంది. సైదాబాద్ వెనక గల్లీల్లో ఆమెను విందుకు పిలవాలంటే ఆడవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పిలవకపోతే ఇంకా భయం. ఎందుకు పిలవలేదో ఆమే ఊహించుకుని నలుగురికీ చెబుతుంది.

ఈ రోత ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, చేసిన పనితో వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే భర్త ఈశ్వరయ్య ఆమెను ఉస్మాన్‌గంజ్‌ ధాన్యం బజారుకు తీసుకుపోయాడు. అతను అక్కడ హమాలీ. మగవాడు బస్తాలు మోస్తుంటే, ఆడది అదే దుకాణం వెనక గింజలు బాగుచేయడం అక్కడ మామూలే. రేకుల కింద పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేటలతో బియ్యమూ, పప్పూ, ధనియాలూ చెరిగేవాళ్లు. వాళ్ల చేతికి దొరకనిది లేదు. ఎలుక పెంటికలు, లక్కపురుగులు, బీడీ ముక్కలు, ఒకసారి ఎండిపోయిన బల్లి, ఇంకోసారి ఎవరిదో ఊడిన గోరు. మనం తిని తేన్చే ప్రతి ముద్ద వెనకా ఎవరో ఒక ఆడది ఇవన్నీ చేత్తో తీసి పారేసి ఉంటుంది. తినేవాళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టే దేశంలో ఇంతమంది రెండు పూటలా తింటున్నారు.

ఆ పదిమందిలో కొమురమ్మ చెయ్యి వేరు. పిడికెడు బియ్యం అరచేతిలో పరిచి, కొత్తవో పాతవో, ఏ మిల్లులో ఎంత పాలిష్ పట్టారో, వానకు తడిసి ఎండినవో కాదో చెప్పేసేది. పురుగు పట్టిన బస్తాను మూతి విప్పకముందే వాసనతో పసిగట్టేది. దుకాణం సేటు పెద్ద బేరాలకు ఆమెను పిలిపించి పక్కన నిలబెట్టుకునేవాడు. గంజ్‌లో ముసలి ఆడవాళ్లు ఆమెకు నేర్పిన మొదటి మాట ఒకటుంది. మునిగింది గింజ, తేలింది తాలు. గుప్పెడు గింజలు నీళ్లలో వేసి కలియబెడితే, బలమున్నది అడుగుకు పోతుంది, బలం లేని పొట్టూ పొల్లూ పైకి వస్తుంది. దేవుడి మీదైనా అనుమానం వచ్చేది కానీ, ఈ మాట మీద మాత్రం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

తర్వాత గంజ్‌లోకి గింజలు బాగుచేసే మిషన్లు వచ్చాయి. చేటలు అటకెక్కాయి. ఈశ్వరయ్య దుమ్ము మింగీ మింగీ దగ్గుతో పోయాడు. కొడుకు ట్రాలీ ఆటో తోలుతాడు, కోడలు యశోద కంచన్‌బాగ్‌లో ఒక క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. కొమురమ్మ సైదాబాద్‌లోనే ఒక సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరింది. తోడుగా కళావతి అని ఇంకో ఆమె ఉంటుంది. బడి చిన్నది, పిల్లలు వందలోపే. ఆ పిల్లల్లోనే మనవరాలు మున్నీ కూడా ఉంది.

బడి వంటలో చేరాక కొమురమ్మకు గంజే శుభ్రమనిపించింది. సేటు దొంగైనా, అమ్ముడుపోదన్న భయంతోనైనా సరుకు బాగుచేయించేవాడు. ఇక్కడ ఆ భయం ఎవరికీ లేదు. తినేవాళ్లు పేదోళ్ల పిల్లలు, అడిగేవాళ్లు లేరు. బస్తా విప్పితే బూజు గూళ్లు కట్టిన బియ్యం ఉండలు ఉండలుగా వచ్చేది. పప్పులో పప్పు కన్నా పురుగులు చురుగ్గా ఉండేవి. కోడిగుడ్లు నీళ్లలో వేస్తే సగం తేలేవి, పగలగొడితే కళావతి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తేది. కొమురమ్మ ఆ గుడ్లను పళ్లెంలో పెట్టుకుని నేరుగా హెడ్‌మాస్టర్ జగదీశ్వర్ సార్ బల్ల మీద పెట్టి వచ్చేది.

"సార్, ఇది మీ పిల్లలకు పెడతరా?" అని అడిగేది.

జగదీశ్వర్ చెడ్డవాడు కాదు. అంతకన్నా చేటు, ఏదీ పట్టనివాడు. "పైనుంచి గట్లనే వస్తున్నయ్ కొమురమ్మా, నేనేం చేస్తా" అని కిటికీ తెరిచేవాడు. పైవాళ్లు వస్తున్నారంటే మాత్రం అతనికి కాళ్లూ చేతులూ ఆడేవి. తనిఖీ రోజున పప్పు చిక్కగా ఉండాలి, గుడ్డు అందరికీ రావాలి, నల్లా దగ్గర సబ్బు ఉండాలి. వచ్చిన అధికారి చెంచాతో నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, తల ఊపి, కారెక్కేవాడు. ఆ సబ్బు కారు మలుపు తిరగగానే బీరువాలోకి పోయేది. కొమురమ్మ ఇది చూసి ఉమ్మేది. నిజంగానే, చెట్టు మొదట్లోకి పోయి ఉమ్మి వచ్చేది.

ఇంత రోతలోనూ ఆమె ఒక్క పని మానలేదు. పిల్లల పళ్లెంలోకి పురుగు పోనివ్వలేదు. పొద్దున్నే వచ్చి చేట పట్టేది. కళావతి "అక్కా, సర్కారు జీతానికి గింత కష్టమెందుకు" అంటే, "జీతం సర్కారుది, పిల్లలు మనోళ్లు" అనేది. ఆ బడిలో అన్నం తిని ఏ పిల్లకూ కడుపునొప్పి రాలేదు. బస్తీలో ఆమె నోటికి భయపడేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకునేవాళ్లు.

అలాంటి కాలంలో ఒకరోజు, కొత్త బస్తా విప్పి చేటలో పోసుకున్న కొమురమ్మ చెయ్యి ఆగిపోయింది. బియ్యంలో బియ్యం కానిది ఏదో ఉంది. పక్కవాళ్లెవరికీ కనిపించదు. రంగు అదే, పొడుగు అదే. కానీ బియ్యపు గింజకు ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది, మొలక ఊడిన చోటు. దీనికి లేదు. గీత లేదు, విరుపు లేదు, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్లు ఉన్నాయి. పంటి కింద పెడితే పుటుక్కున విరగలేదు. గోటితో నొక్కితే సుద్దలా పొడి రాలింది. నీళ్లలో వేసి కలియబెట్టింది. బియ్యం అడుగుకు పోయింది. ఆ గింజలు పైకి తేలి, గిన్నె అంచుకు అంటుకున్నాయి.

గుప్పిట్లో వాటిని పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయింది.

"సార్, గివ్వి చూడుండ్రి. గివ్వి బియ్యం గావు."

జగదీశ్వర్ కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "బియ్యమే కదా. నీకన్నీ అనుమానాలే."

"నలభై ఏండ్లు గింజలే చూసిన సార్ నేను. గిది చేన్ల పండింది గాదు, ఎవడో చేసింది. పోరగాండ్లకు పెట్టమంటరా?"

"స్టాక్ అదే వచ్చింది. అన్ని బడులకు అదే. వండు, లొల్లి చెయ్యకు" అని అతను ఫోన్‌లోకి తల దించుకున్నాడు.

సాయంత్రం రేషన్ దుకాణానికి పోయింది. ఇంట్లో బియ్యంలోనూ అవే కనిపించాయి మరి. డీలర్ని అడిగితే, "అమ్మా, నేను కొలిచి ఇచ్చేటోణ్ణి. తింటే తిను, లేకుంటే పక్కకు జరుగు, వెనక లైనుంది" అన్నాడు. ఆ లైన్లోనే ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో చూపించాడు. అందులో ఎవడో అన్నం ముద్ద చేసి నేలకు కొడుతున్నాడు, అది బంతిలా ఎగురుతోంది. ప్లాస్టిక్ బియ్యమట. చూసినవాళ్లందరూ నోళ్లు నొక్కుకున్నారు. కొమురమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. పురుగులు తినిపించినవాళ్లు, తేలే గుడ్లు పెట్టినవాళ్లు, ప్లాస్టిక్ పెట్టరని నమ్మడానికి ఆమెకు ఒక్క కారణమూ దొరకలేదు.

మర్నాటి నుంచి పని రెట్టింపయింది. పెద్ద గుండిగలో బియ్యం పోసి, నిండా నీళ్లు పెట్టి, చేత్తో గిర్రున తిప్పి, పైకి తేలినదంతా చిల్లుల గరిటెతో ఎత్తి పారేసేది. మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పడం. కళావతి ఆ తీసినవాటిని ఇంట్లో కోళ్లకు వేస్తానంటే ఒప్పుకోలేదు. "నోరులేని జీవాలకు పెడితే పాపం తగులుతది" అని మురిక్కాలువలో పోసేది. ఇంటి బియ్యం విషయంలో ఇంకా పట్టుదల. సాయంత్రం చేట ముందేసుకుని ఒక్కో గింజా ఏరేది. పక్కన మున్నీ కూర్చునేది. ఆ పిల్ల కళ్లూ నాయినమ్మ కళ్లే. వారం తిరక్కుండానే కొమురమ్మ కన్నా వేగంగా ఏరడం నేర్చుకుంది. చూసి చూసి బస్తీ ఆడవాళ్లు కూడా తమ రేషన్ బియ్యం తెచ్చి ఆమె గడప ముందు కూర్చునేవాళ్లు. కొమురమ్మ ఒక్కొక్కరికీ చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆమె జీవితంలో అంతమంది అంత శ్రద్ధగా ఆమె మాట వినడం అదే మొదలు. గలీజ్ కొమురమ్మ అన్న నోళ్లే అక్కా అనసాగాయి.

ఇలా రెండేళ్లు పైనే నడిచింది.

ఈలోగా మున్నీ పెద్దమనిషి అయింది. అప్పటి నుంచి పిల్ల ఎందుకో నీరసపడిపోయింది. బడి మెట్లెక్కితే ఆయాసపడేది. పొద్దున లేపితే లేచేది కాదు. చెంపల్లో రంగు పోయింది. ఇంకో పాడు అలవాటు పట్టుకుంది, డబ్బాలో పచ్చి బియ్యం గుప్పెడు గుప్పెడు తీసి బుక్కేది. ఏరని బియ్యం ఎక్కడ తింటుందోనని కొమురమ్మ చేతిమీద కొట్టేది. బడిలో వారానికోసారి ఇచ్చే బలం మాత్ర వేసుకుంటే వాంతి వచ్చినట్లవుతుందని పిల్లలందరూ దాన్ని గోడ అవతలికి విసిరేవాళ్లు. మున్నీ కూడా అంతే. "ఎదిగే పిల్ల, గట్లనే ఉంటది అత్తమ్మా" అని యశోద సర్దుకునేది. కొమురమ్మకు మాత్రం మనసులో బెంగ మొదలైంది. మనవరాలిని చూస్తే గింజలేని తాలులా తోచి, ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకునేది.

బస్తీ దవాఖానా నుంచి నర్సు భాగ్యశ్రీ ఒకరోజు బడికి వచ్చి ఆడపిల్లలందరికీ వేలు గుచ్చి రక్తం చూసింది. మున్నీ వేలు రెండుసార్లు గుచ్చింది. మిషన్ చూసి, మళ్లీ పిల్ల కనురెప్పలు కిందికి లాగి చూసి, వంట షెడ్డు దగ్గరికి నడిచి వచ్చింది.

"పెద్దమ్మా, మీ పిల్లకు రక్తం మస్తు తక్కువుంది. మాత్రలతోని పెరగకుంటే దవాఖానాల చేర్చాల్సి వస్తదేమో. బడిల అన్నం తింటలేదా?"

"ఎందుకు తినది? నేనే వండుతా గదా."

"ఇంట్ల ఏం బియ్యం?"

"రేషన్ బియ్యమే. గాని ఆ ఫికర్ వద్దు సిస్టరూ. అండ్ల కలిపిన ప్లాస్టిక్ గింజ ఒక్కటి గూడ పిల్ల నోట్లెకు పోనియ్య. ఇంట్ల ఏరి పడేస్తా. ఇక్కడ తేల్చి తీసేస్తా. బస్తీల అందరికీ నేనే నేర్పిన" అంది కొమురమ్మ. ఆ మాట గర్వంగానే అంది.

భాగ్యశ్రీ గుండిగ వైపు తిరిగింది. "ఏం ప్లాస్టిక్ పెద్దమ్మా? చూపించు" అంది. కొమురమ్మ గుండిగలో తేలుతున్నవి గరిటెతో ఎత్తి చూపించింది. నర్సు అందులోంచి రెండు గింజలు తీసి నోట్లో వేసుకుని నమిలింది. కొమురమ్మ ఆపుదామని చెయ్యి చాచేలోపే మింగేసింది.

"ఇది ప్లాస్టిక్ గాదు పెద్దమ్మా. మందు. బియ్యం పిండి చేసి, అండ్ల ఇనుమూ, రక్తం పట్టే విటమిన్లూ కలిపి మళ్ల బియ్యం లెక్క అచ్చు పోస్తరు. వందకొక గింజ కలుపుతరు. రక్తం తక్కువున్న పిల్లల కోసమే."

కొమురమ్మ గరిటె పట్టుకునే నిలబడింది. దాంట్లోంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నాయి.

"తేల్తయి గదా" అంది చివరికి.

"తేల్తయి. కొన్ని తేల్తయి. మిషన్ల చేసినయ్ గాబట్టి."

"తేలేది తాలు సిస్టరూ."

"గిది గాదు" అంది భాగ్యశ్రీ మెల్లగా. తర్వాత ఆమే, "ఒక్క దీనితోనే రక్తం నిండదు పెద్దమ్మా. మాత్రలు కావాలె, గుడ్డు కావాలె, ఆకుకూర కావాలె. నీ ఒక్కదాని తప్పు గాదు" అని కూడా అంది. కొమురమ్మ చెవికి ఆ మాట ఎక్కలేదు.

"ఎవలకు చెప్పిండ్రు ఈ సంగతి? మా సారుకు చెప్పిండ్రా? డీలర్‌కు చెప్పిండ్రా?"

"సంచి మీద రాసుంటది. కాగితాలు గూడ పంపిండ్రు."

"ఏ భాషల రాసిండ్రు?"

నర్సు తల తిప్పుకుంది. "ఇంగ్లీషుల" అంది.

కొమురమ్మ నేరుగా జగదీశ్వర్ గదిలోకి పోయింది. అతను విని, కుర్చీలో వెనక్కి వాలి, "అవును, ఏదో సర్క్యులర్ వచ్చినట్టు గుర్తు. పని మీద పని, చూసే టైం దొరకలే" అన్నాడు. అంతే. తప్పు జరిగిందనో, అయ్యో అనో అనలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి తన చేతిలో ఉన్నది వరమనే తెలియదు, తెలుసుకోవాలనే లేదు. ఎక్కడో ఢిల్లీలో గదుల్లో కూర్చుని, దేశంలో ఏ పిల్లా రక్తం లేక సోలిపోకూడదని ఎవరో తలచారు. మిల్లులు పెట్టించారు, లారీలు నడిపించారు, ఈ గల్లీ దాకా గింజను తెచ్చారు. గింజ గురించి వండే ఆడదానికి ఒక్క మాట చెప్పడం మాత్రం వాళ్ల పనుల్లో లేదు. బీదవాళ్లకు పెట్టేది మందైనా మట్టైనా, నోరు మూసుకుని మింగాలనే వాళ్ల నమ్మకం. కొమురమ్మకు ఆ రోజు వాళ్ల మీద పుట్టిన రోతకు పేరు లేదు. అంతకన్నా ఎక్కువ రోత తన కళ్ల మీద పుట్టింది. నలభై ఏళ్లు నమ్ముకున్న కళ్లు, తన పిల్ల నోటి దగ్గరి మందు తీసి కాలువలో పోశాయి.

మర్నాడు ఆమె బియ్యం తేల్చలేదు. ఉన్నదున్నట్టు కడిగి ఎసట్లో పోసింది. పిల్లలు పళ్లేల ముందు కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నారో లేదో, ఒకడు "అమ్మో, ప్లాస్టిక్" అన్నాడు. రెండేళ్లుగా ఇళ్లలో చేట ముందు కూర్చుని నేర్చుకున్న కళ్లు అవి. ఉడికాక ఆ గింజ కాస్త పసుపు తిరుగుతుంది, చూడటం వచ్చినవాడికి కనిపిస్తుంది. పిల్లలు ఏరి పళ్లెం అంచున పెట్టారు, ఏరలేనివాళ్లు అన్నమే వదిలేశారు. కొమురమ్మ వరసల మధ్య తిరుగుతూ, "ప్లాస్టిక్ గాదు బిడ్డా, మందు, తినుండ్రి" అని బతిమాలింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

సాయంత్రానికి తల్లులు గడప ముందుకు వచ్చారు. మొదట అడిగారు, తర్వాత కేకలేశారు. "నిన్నటిదాంక విషమన్నవ్, ఇయ్యాల మందంటవ్. ఎవడేం చెప్పిండు నీకు?" అని ఒకామె. "సార్లతోని కలిసిపోయింది, నౌకరి కాపాడుకోవాలె గదా" అని ఇంకొకామె. కొమురమ్మ ఎన్నడూ లేనిది నోరు జారకుండా, నర్సు చెప్పింది మాటకు మాట చెప్పింది. ఎవరూ వినలేదు. సర్కారు మాట సర్కారు నోటితో వచ్చినా నమ్మనివాళ్లు, కొమురమ్మ నోటితో వస్తే ఎందుకు నమ్ముతారు. నమ్మకూడదని వాళ్లకు నేర్పింది ఆమే. ఇంట్లో మున్నీ కూడా పళ్లెం ముందు కూర్చుని గింజలు ఏరుతుంటే, కోపం ఆపుకోలేక చెంప మీద కొట్టింది. పిల్ల ఏడవలేదు, ఆ చెంప ఎర్రబడనూ లేదు. అది చూసి కొమురమ్మే ఏడ్చింది.

పిల్లలు అన్నం వదిలేస్తున్నారన్న కబురు ఎలాగో పైకి చేరింది. పురుగుల కబురు ఎన్నడూ చేరలేదు, ఇది మాత్రం చేరింది. ఒక వారం తిరిగేసరికి బడి ఆవరణలో వేదిక కట్టి, దాని మీద మాత్రం షామియానా వేశారు. పోషకాహార సభ. వేదిక వెనక పెద్ద బ్యానర్, దాని మీద నవ్వుతున్న పిల్ల బొమ్మ, ఆ బొమ్మ చెంపలు ఎర్రగా ఉన్నాయి. బస్తీ తల్లులందరినీ పిలిచారు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు దేశపు ఆహారం ఎలా ఉండాలో చాలాసేపు చెప్పాడు. చిట్టచివరి మనిషిని కూడా కలుపుకుపోవాలన్నాడు. ఆ చిట్టచివరి మనుషులు ఎండలో నేల మీద కూర్చుని విన్నారు. వేదిక మీదివాళ్లకు అట్టపెట్టెల్లో టిఫిన్ ఇచ్చారు. కాస్త కొరికి, కాస్త వదిలి, పెట్టెలు కుర్చీల కిందికి తోశారు. సగం తిన్న సమోసాల మీద ఈగలు ముసిరాయి. కొమురమ్మ షెడ్డులోంచి చూస్తూ, ఈ మనుషులు రోజుకు ఎంత పారేస్తారో, పారేయడం వాళ్లకు ఎవరు నేర్పారో అనుకుంది.

అప్పుడు జగదీశ్వర్ షెడ్డులోకి వచ్చాడు. "కొమురమ్మా, నువ్వు వేదిక మీదికి రావాలె. అందరి ముంగట ఆ అన్నం తిని చూపియ్. నీ మాటే వింటరు వీళ్లు. నువ్వు తింటే అందరు తింటరు."

ఆమెకు ఇష్టం లేదు. కానీ అతను చెప్పింది నిజమని తోచింది. ఎండలో తల్లుల మధ్య మున్నీ కూర్చుని ఉంది, కళ్ల కింద నల్లటి చారలతో. ఈ ఒక్క పని చేస్తే ఆ పిల్ల తింటుంది. ఇంట్లో రెండు రోజులుగా కొమురమ్మ తానే ఆ అన్నం పచ్చడి కలిపి, నమలకుండా, నీళ్లతో మింగుతోంది. మింగగలనని ధైర్యం ఉంది. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, పళ్లెం పట్టుకుని వేదిక ఎక్కింది.

పళ్లెంలో ఉత్త అన్నమే పెట్టారు, గింజ కనిపించాలని. కింద పిల్లలకూ అదే వడ్డించారు. ఫోన్లు లేచాయి. "నమలమ్మా, నమిలి చూపించు, ఇటు చూడు" అన్నాడు పెద్దాయన పక్కనున్న మనిషి.

కొమురమ్మ ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొదట అన్నమే తగిలింది. తర్వాత నాలుకకు అది తగిలింది, మెత్తగా, సుద్దలా, పళ్లకు అంటుకుంటూ. మందని తెలుసు. మున్నీ రక్తమని తెలుసు. ఆ పాలిపోయిన గోళ్లే తలచుకుంది. గొంతును బతిమాలింది. కానీ తేలిందల్లా ఉమ్మేయమని నలభై ఏళ్లు నేర్చుకున్న నోరు అది, రెండు రోజుల్లో మాట వినలేదు. కడుపు లోపల్నుంచి తన్నుకొచ్చింది. ఆమె పళ్లెం కింద పెట్టి, వేదిక అంచుకు వంగి, అందరి ముందు వాంతి చేసుకుంది.

తర్వాత నేల మీది నుంచి ఒక ఆడగొంతు, "సూసిండ్రా, ఆమెకే పోతలేదు" అంది. తల్లులు లేచి పిల్లల చేతులు పట్టుకున్నారు. పిల్లలు తమ పళ్లేలు పక్కకు నెట్టారు. వేదిక మీది పెద్దాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఫోన్ పట్టుకున్నవాళ్లను ఆపమని చేత్తో సైగ చేశాడు. జగదీశ్వర్ అతని వెనక నిలబడి ఏదో సంజాయిషీ చెబుతున్నాడు.

కొమురమ్మ మెట్టు మీద కూలబడింది. మున్నీ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నాలుగడుగులకే ఆయాసపడుతోంది. తన చున్నీతో నాయినమ్మ మూతి తుడిచింది. కొమురమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, "బిడ్డా, అది మంచిదే. నువ్వన్న తిను" అంది.

"వద్దులే నాయినమ్మా, బలవంతంగ తినకు" అంది మున్నీ. "నీ పళ్లెంలయి నేను ఏరి పెడతా."

పిల్ల పక్కనే కూర్చుని, పళ్లెం ఒళ్లోకి లాక్కుని, ఆ తెల్లటి గోళ్లతో పసుపు గింజలు ఒక్కొక్కటే తీసి నేల మీద పడేయసాగింది. ఒక్కటి కూడా వదల్లేదు.